ఆడపిల్లకు ఒకే తూకం

(ట్రస్టు వార్షిక ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఆడపిల్లల భద్రత గూర్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. రాజకీయాలు లేకుండా చెప్పమని కూడా అన్నారు. ముప్పై ఏళ్లు కళాశాలలో రాజనీతి శాస్త్రం చెప్పినదాన్ని. రాజకీయాలు పక్కన పెట్టి ఈ విషయం చెప్పడం నాకు చేతకాదు. అయితే వారికి ఒక మాట ఇచ్చాను: ఏ పార్టీ తరఫునా మాట్లాడను, ఏ పార్టీనీ వదిలిపెట్టను.

ఒక స్త్రీకి అన్యాయం జరిగిందని తెలియగానే మన దేశంలో మొదట వచ్చే ప్రశ్న ఒకటుంది. చేసినవాడు ఎవరు? మనవాడా, వాళ్లవాడా? వాళ్లవాడైతే ఊరంతా కదులుతుంది. మనవాడైతే ఆ అమ్మాయి ఆ వేళకి అక్కడికెందుకు వెళ్లింది, ఎలాంటి బట్టలు వేసుకొంది అని మొదలుపెడతాం. ఈ రెండు తూకాల వల్ల పార్టీలు బాగుపడ్డాయి, మతం పేరిట దౌర్జన్యం చేసేవారు బాగుపడ్డారు. నష్టపోయింది ఆడవాళ్లు. ఇది నా ఊహ కాదని చెప్పడానికి నాలుగు ఉదాహరణలు ఇస్తాను. ఆ తర్వాత మన ఇంటి సంగతి మాట్లాడతాను.

మొదటిది మన పెద్దవాళ్లకు గుర్తుండే హైదరాబాదు సంగతి. 1978 మార్చి నెలాఖరున రమీజాబీ అనే యువతి, రిక్షా తొక్కే ఆమె భర్త రాత్రి సినిమా చూసి ఇంటికి వెళుతుంటే పోలీసులు పట్టుకొన్నారు. నల్లకుంట స్టేషన్లో ఆమెపై అత్యాచారం జరిగింది. భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది, కర్ఫ్యూ పెట్టారు. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది. పోలీసులు దోషులేనని కమిషన్ తేల్చింది. అయితే విచారణ పొడవునా పోలీసుల పక్షం వేసిన ప్రశ్నలు ఏమిటి? ఆమె నడవడి ఎలాంటిది, ఆమెకు ఎన్ని పెళ్లిళ్లు, అసలు చనిపోయినవాడు ఆమెకు భర్త అవునా కాదా అని. కేసు మన కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు మారింది. 1981లో నిందితులైన పోలీసులను కోర్టు విడుదల చేసింది. ఆమె కోసం వీధిలోకి వచ్చిన జనం నిజమే, వారి కోపమూ నిజమే. కానీ చర్చ నేరం మీద నుంచి ఆమె శీలం మీదికి మళ్లాక ఆ కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఒక స్త్రీ మంచిదని రుజువైతేనే ఆమెపై నేరాన్ని నేరమంటాం అనే లెక్క అది. ఆ లెక్క పోలీసులది మాత్రమే కాదు, మనదీ.

రెండవది ఇండోరు సంగతి. షాబానో అనే ఆమెకు 1932లో పెళ్లయింది. అయిదుగురు పిల్లలు. భర్త పేరున్న వకీలు. 1978లో, ఆమెకు అరవై ఏళ్లు దాటాక, మూడుసార్లు తలాక్ చెప్పి వదిలించుకొన్నాడు. ఆమె మనోవర్తి అడిగితే మేజిస్ట్రేటు కోర్టు నెలకు 25 రూపాయలు ఇమ్మంది. హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. ఆ సొమ్ము కూడా ఇవ్వనని ఆ వకీలు సుప్రీం కోర్టుకు ఎక్కాడు. 1985 ఏప్రిల్ 23న సుప్రీం కోర్టు, తనను పోషించుకోలేని భార్యకు ఏ మతమైనా మనోవర్తి హక్కు ఉంటుందని తీర్పు చెప్పింది.

ఇక్కడ గమనించండి. ఒక ముసలమ్మకు నెలకు 179 రూపాయలు. అంతే విషయం. దాన్ని మత పెద్దలు మతానికి ప్రమాదమన్నారు. ఊరూరా ఊరేగింపులు జరిగాయి. ఒత్తిడి తట్టుకోలేక ఆ ముసలమ్మే ఆ తీర్పు తనకు వద్దని ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. పార్లమెంటులో నాలుగువందలకు పైగా సీట్లున్న రాజీవ్ గాంధీ ప్రభుత్వం మొదట తీర్పును సమర్థించింది, తర్వాత భయపడి 1986లో ఆ తీర్పును వమ్ము చేసే చట్టం తెచ్చింది. మొదట తీర్పు తరఫున సభలో మాట్లాడిన మంత్రి ఆరిఫ్ మహమ్మద్ ఖాన్ రాజీనామా చేసి బయటికి వచ్చారు. అదే 1986 ఫిబ్రవరిలో అయోధ్యలో తాళాలు తెరుచుకొన్నాయి. ఒక మతంలోని ఛాందసులను ఒక చేత్తో, ఇంకొక మతంలోని ఛాందసులను మరొక చేత్తో తృప్తి పరచబోయారని చాలామంది విశ్లేషకులు రాశారు. ఈ బేరంలో ఏ మతం ఆడవాళ్లనూ ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఆ చిక్కు విడిపోవడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. 2001లో సుప్రీం కోర్టు ఆ చట్టాన్నే స్త్రీకి మేలు జరిగేలా అన్వయించింది. 2024 జూలై 10న తెలంగాణ నుంచి వచ్చిన ఒక కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా అందరిలాగే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మనోవర్తి అడగవచ్చని స్పష్టంగా చెప్పింది. భార్యకు నెలకు పదివేలు ఇవ్వమని హైకోర్టు అంటే ఆ భర్తా సుప్రీం కోర్టుకు వెళ్లాడు. షాబానో తీర్పు నుంచి ఇక్కడికి రావడానికి ముప్పై తొమ్మిదేళ్లు.

మూడవది. ఈ మాట వినగానే, ‘చూశారా, వాళ్ల మతంలో అలాగే ఉంటుంది’ అని మనలో కొందరికి తోచి ఉంటుంది. గురివింద గింజ తన నలుపెరుగదంటారు. అందుకే గుజరాత్ సంగతి చెబుతాను. 2002 మార్చిలో మతకలహాల సమయంలో బిల్కిస్ బానో కుటుంబంతో సహా ఊరు వదిలి పారిపోతున్నది. వయసు 21 ఏళ్లు, అయిదో నెల గర్భవతి. ఆమెపై సామూహిక అత్యాచారం చేశారు. మూడేళ్ల కూతురితో సహా ఆమె కుటుంబ సభ్యులను చంపారు. గుజరాత్‌లో న్యాయం జరగదన్న భయంతో సుప్రీం కోర్టు విచారణను ముంబైకి మార్చింది. 2008లో అక్కడి కోర్టు 11 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2017లో బొంబాయి హైకోర్టు దాన్ని ఖాయం చేసింది.

2022 ఆగస్టు 15 ఉదయం ప్రధానమంత్రి ఎర్రకోట మీద నుంచి, స్త్రీని కించపరిచే మాటను, అలవాటును వదిలిపెడతామని దేశమంతా ప్రతిజ్ఞ చేయాలని కోరారు. మంచి మాట. అదే రోజు గుజరాత్ ప్రభుత్వం ఈ 11 మందినీ జైలు నుంచి వదిలింది. దానికి కేంద్ర హోం శాఖ ఆమోదం కూడా ఉంది. బయటికి వచ్చినవారికి పూలదండలు వేశారు, మిఠాయిలు పంచారు. విడుదలకు సిఫారసు చేసిన సంఘంలోని ఒక ఎమ్మెల్యే, వారిలో కొందరు మంచి సంస్కారం ఉన్న బ్రాహ్మణులని అన్నారు. ఆ డిసెంబరు ఎన్నికల్లో ఆయనకు పార్టీ టికెట్టు వచ్చింది, ఆయన గెలిచారు కూడా. 2024 జనవరి 8న సుప్రీం కోర్టు ఆ విడుదలను కొట్టివేసింది. విడుదల చేసే అధికారమే గుజరాత్‌కు లేదంది. వారందరూ తిరిగి జైలుకు వెళ్లారు. ఆ తీర్పు రాసినది మన బెంగళూరులో పుట్టి, ఇక్కడే న్యాయవాదిగా పనిచేసిన జస్టిస్ నాగరత్న. తెలంగాణ కేసు విన్న ధర్మాసనంలోనూ ఆమె ఉన్నారు. ముస్లిం మత పెద్దలకు కోపం తెప్పించే తీర్పు, హిందువుల పేరు చెప్పుకొనేవారికి కోపం తెప్పించే తీర్పు, రెండూ ఒకే ఏడాదిలో ఒకే న్యాయమూర్తి చేతి మీదుగా వచ్చాయి. ఒకే తూకం అంటే నా ఉద్దేశం ఇదే.

నాలుగవది మన రాష్ట్రానిదే. 2009 జనవరి 24న మంగళూరులో ఒక పబ్బులోకి శ్రీరామసేన పేరు చెప్పుకొనేవారు చొరబడి, అక్కడున్న అమ్మాయిలను కొట్టారు, జుట్టు పట్టి ఈడ్చారు, తరిమారు. టీవీ కెమెరాల ఎదుటే ఇదంతా జరిగింది. జనవరి 24 జాతీయ బాలికా దినోత్సవం కూడా. మన సంస్కృతిని కాపాడుతున్నామన్నారు. అప్పటి బి.జె.పి. ముఖ్యమంత్రి దాడిని ఖండిస్తూనే పబ్బు సంస్కృతిని సాగనివ్వమన్నారు. అటు రాజస్థాన్‌లో కాంగ్రెస్ ముఖ్యమంత్రీ పబ్బు సంస్కృతి మీదే విరుచుకుపడ్డారు. పబ్బు మంచిదని నేను అనడం లేదు. తప్పతాగి వీధిలో పడిపోయే మగవాణ్ని ఏ సేనా వచ్చి జుట్టు పట్టి ఈడ్వలేదని మాత్రం అంటున్నాను. 2018 మార్చిలో, సాక్ష్యాలు చాలవని మంగళూరు కోర్టు నిందితులను విడుదల చేసింది. దేశమంతా టీవీలో చూసిన దాడికి శిక్ష పడినవారు లేరు.

ఆ దాడి జరిగిన మూడేళ్లకు, 2012 ఫిబ్రవరిలో, మన శాసనసభ జరుగుతుండగా ఫోనులో అశ్లీల దృశ్యాలు చూశారన్న ఆరోపణ మీద అదే ప్రభుత్వంలోని ముగ్గురు మంత్రులు రాజీనామా చేశారు. వారిలో ఒకరు స్త్రీ శిశు సంక్షేమ శాఖ మంత్రి. ఇంకొకరు 2019లో ఉపముఖ్యమంత్రి అయ్యారు. 2023లో ఆయన కాంగ్రెసులో చేరితే, అప్పటిదాకా ఆయన్ను విమర్శించిన ఆ పార్టీ టికెట్టు ఇచ్చి గెలిపించుకొంది. పార్టీ మారగానే సంస్కృతి కూడా మారుతుందన్నమాట.

దీనికంతటికీ కారణం ఓటు లెక్క. ఒక మత పెద్ద, ఒక కుల పెద్ద తల ఊపితే వెయ్యి ఓట్లు పడతాయని నాయకుడి నమ్మకం. ఆ వెయ్యిలో సగం ఆడవాళ్లవే. అయినా ఆ సగం భర్త చెప్పినచోటికి, తండ్రి చెప్పినచోటికి వెళతాయని అతని ధీమా. అందుచేత ఆడవాళ్ల హక్కు అడ్డువస్తే దాన్ని ఇచ్చివేసి పెద్దమనిషిని సంతోషపెట్టడం అతనికి చవక బేరం. పార్లమెంటు, శాసనసభల సభ్యుల అఫిడవిట్లను పరిశీలించిన ఏ.డి.ఆర్. సంస్థ 2024 ఆగస్టులో ఒక నివేదిక ఇచ్చింది. స్త్రీలపై నేరాలకు సంబంధించిన కేసులు తమపై ఉన్నాయని 151 మంది సభ్యులు తామే రాసిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 21 మంది, ఒడిశాలో 17 మంది. అన్ని పెద్ద పార్టీలవారూ ఉన్నారు. కేసు ఉన్నంత మాత్రాన దోషి కాడు, ఒప్పుకొంటాను. కానీ టికెట్టు ఇచ్చేముందు ఆ కాగితం పార్టీ చూసింది. చూసే ఇచ్చింది. ఓటు వేసేముందు మనం చూశామా?

ఇక మన ఇంటి సంగతి. ఆ అమ్మాయి అనుమతి తీసుకొనే చెబుతున్నాను. పేరు, ఊరు చెప్పను. ఆమె మన సంఘం పిల్ల. బి.ఎస్సీ. రెండవ సంవత్సరం చదువుతూ మన ఉపకార వేతనం అందుకొంటున్నది. మన సంఘంలోనే మంచి కుటుంబం అనిపించుకొన్న ఇంటి అబ్బాయి వెంటపడ్డాడు. కాదంటే ఫొటోలు మార్చి ఊరంతా పంపుతానని బెదిరించాడు. తండ్రి పోలీసు స్టేషనుకు బయలుదేరితే పెద్దలు ఆపారు. మనలో మనకు స్టేషనేమిటి, మాట్లాడి సర్దుదాం అన్నారు. సర్దారు. అబ్బాయి చేత తల్లిదండ్రుల కాళ్లకు మొక్కించారు, అంతటితో సరి. అంతకు రెండు నెలల ముందు, పక్క వీధిలో వేరే మతం అబ్బాయి ఒకడు ఒక అమ్మాయితో మాట్లాడాడని ఈ పెద్దలే స్టేషను ముందు జెండాలతో కూర్చొన్నారు. అక్కడ ఆ అమ్మాయి ఫిర్యాదే చేయలేదు. ఇక్కడ ఫిర్యాదు చేస్తానంటే చేయనివ్వలేదు.

తర్వాతి భాగం మన ట్రస్టుకు సంబంధించినది. మన దరఖాస్తు చివరి పేజీలో ఒక గడి ఉంది. అబ్బాయిలకైతే కళాశాల ఇచ్చే సత్ప్రవర్తన పత్రం చాలు. ఆడపిల్లలకు దానితోపాటు ఊరి సంఘ పెద్ద సంతకం కూడా కావాలి. ఎప్పుడో ఎనభైలలో, ఆడపిల్లను దూరం పంపడానికి తల్లిదండ్రులకు ధైర్యంగా ఉంటుందని పెట్టిన నిబంధన అది. ఉద్దేశం మంచిదే అయి ఉంటుంది. మూడవ సంవత్సరం ఉపకార వేతనం కోసం ఆ అమ్మాయి ఎవరి దగ్గరికి వెళ్లాలి? తనను నోరు మూసుకోమన్న పెద్దమనిషి దగ్గరికే. గొడవ పెట్టుకొన్న పిల్ల అని ఆయన సంతకం పెట్టలేదు. సంతకం లేదని మనం డబ్బు ఇవ్వలేదు. ఆమె చదువు ఆగింది. బెదిరించిన అబ్బాయి డిగ్రీ పూర్తి చేశాడు.

కార్యవర్గంవారిని, సర్వసభ్య సమావేశాన్ని నేను మూడు విషయాలు అడుగుతున్నాను. ఒకటి, ఆ గడి తీసేయండి. అబ్బాయికి ఏ పత్రం చాలునో అమ్మాయికీ అదే చాలు. రెండు, వేధింపు వల్ల చదువు ఆగిన పిల్లకు, ఒక సంవత్సరం పోయినా సరే, ఉపకార వేతనం తిరిగి ఇచ్చే నియమం రాయండి. ఆ అమ్మాయితోనే మొదలుపెట్టండి. మూడు, ఈ వేదిక మీదికి ముఖ్య అతిథిని పిలిచేముందు ఆయన ఎన్నికల అఫిడవిట్ చూడండి. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు, పైసా ఖర్చు లేదు. మన పిల్ల చేత ఎవరి మెడలో దండ వేయిస్తున్నామో తెలుసుకొని వేయిద్దాం. ఆయన మన భాషవాడా, మన కులంవాడా అన్నది ఆ తర్వాతి సంగతి.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇలాంటివి వింటే ఆడపిల్లను చదువు మానిపించి పెళ్లి చేసేద్దామని మీకు అనిపించవచ్చు. మీ భయం నాకు తెలుసు. కానీ షాబానోకు నెలకు 179 రూపాయల కోసం ఏడేళ్లు కోర్టుల చుట్టూ తిరగవలసిన గతి ఎందుకు పట్టింది? ఆమె చేతిలో సొంత సంపాదన లేదు. చదువు మానిపిస్తే ఆపద తప్పదు, ఆపదలో నిలబడే చేవ మాత్రం పోతుంది. మగపిల్లల తల్లిదండ్రులకు కూడా అదే మాట. మన అమ్మాయికి ఆరింటికల్లా ఇంటికి రమ్మని చెప్పే మనం, అబ్బాయి ఎక్కడికి వెళ్లాడని, ఫోనులో ఏం పంపుతున్నాడని ఎప్పుడైనా అడిగామా?

ఆడపిల్లలూ, ఈ నాలుగు విషయాలు రాసుకోండి. మీకు అన్యాయం జరిగితే ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. మా పరిధి కాదని వారు తిప్పి పంపకూడదు, దాన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. ఎఫ్.ఐ.ఆర్. నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. అత్యాచార బాధితురాలికి ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి, ఆమె పేరు బయటపెట్టడం నేరం. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపులపై అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. మీ కళాశాలలోనూ ఉండాలి. మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వండి. న్యాయ సేవాధికార సంస్థలో స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఆపదలో 112కు, సలహాకు మహిళల హెల్ప్‌లైన్ 181కు ఫోను చేయండి.

పనిచోట కమిటీ ఉండాలన్న ఆ నియమం ఎలా వచ్చిందో కూడా తెలుసుకోండి. రాజస్థాన్‌లో భటేరీ అనే పల్లెలో ప్రభుత్వ పథకం కింద పనిచేసే ఒక పేద స్త్రీ బాల్యవివాహం ఆపబోయింది. అందుకు కక్షగట్టి 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం చేశారు. కింది కోర్టు నిందితులను అత్యాచార నేరం నుంచి విడిచిపెట్టింది. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. ఆమెకు జరిగినది చూసి మహిళా సంఘాలు సుప్రీం కోర్టుకు వెళ్లాయి. 1997లో విశాఖ తీర్పు వచ్చింది, 2013లో అది చట్టమైంది. రేపు మీరు బెంగళూరులో, చెన్నైలో, పుణెలో ఉద్యోగంలో చేరినప్పుడు మీకు ఉండే ఆ రక్షణ ఆమె పోరాటం వల్ల వచ్చింది.

మనం ఏ రాష్ట్రంలో స్థిరపడినా అక్కడి భాష నేర్చుకొన్నాం, ఇంట్లో తెలుగు నిలుపుకొన్నాం. తరాలుగా మర్యాదగా బతికాం. ఆ మర్యాదను ఆడపిల్ల నోరు మూయించి కాపాడుకోవలసిన అవసరం మనకు లేదు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ గడి తీసేసే తీర్మానం నేనే ప్రవేశపెడతాను. బలపరచడానికి ఈ సభ నుంచి ఒక్కరు చాలు, ఎక్కువమంది లేస్తే ఇంకా సంతోషం.